ట్వీడ్ నది మీద తెల్లవారడం

టర్నర్ బొమ్మల్లో నేను ఎక్కువసార్లు చూసింది ‘నోరం కాజిల్, సన్‌రైజ్’. ఆఫీసు పని మీద లండన్‌లో ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు టేట్ బ్రిటన్‌కి వెళ్ళేవాణ్ణి. టికెట్ అక్కర్లేదు, లోపల వెచ్చగా ఉంటుంది. మొదట్లో కారణాలు అవే.

బొమ్మలో ఉన్నవి చాలా తక్కువ. మంచులో నీలంగా ఒక కోట, దాని వెనక పసుపు వెలుగు, నీళ్ళలో ఒక ఆవు, దాని నీడ. ఆ నది ట్వీడ్. అక్కడ ఇంగ్లండ్‌కీ స్కాట్లండ్‌కీ అదే సరిహద్దు. 1121లో ఆ కోట కట్టడం మొదలుపెట్టింది అవతలివాళ్ళను కాచుకోవడానికే. ఎన్నో ముట్టడులు చూసింది. 1513లో స్కాట్లండ్ రాజు నాలుగో జేమ్స్ దాన్ని పట్టుకుని, కొద్ది రోజులకే ఫ్లాడెన్ యుద్ధంలో చనిపోయాడు.

టర్నర్ అక్కడికి మొదట వెళ్ళింది 1797లో, ఇరవై రెండేళ్ళ వయసులో. ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే చోటుని మళ్ళీ మళ్ళీ గీశాడు. తొలి నీటిరంగుల్లో కోట గోడలు, ఒడ్డు బాగానే తెలుస్తాయి. 1845 ప్రాంతంలో వేసిన ఈ తైలవర్ణచిత్రానికి వచ్చేసరికి అన్నీ వెలుగులో కరిగిపోయాయి. దీన్ని ఆయన బతికుండగా ప్రదర్శించలేదు. జనం చూసింది 1906లో.

ఈ బొమ్మతో నాకో పేచీ ఉంది. మాది మాచర్ల దగ్గర ఊరు. మా మేనత్తని ఇచ్చింది మిర్యాలగూడ వైపు. కుడి కాలువ కింద మేము, ఎడమ కాలువ కింద వాళ్ళు. 2014 తర్వాత మధ్యలో ఉన్న కృష్ణ సరిహద్దు అయింది. 2023 నవంబరు చివర్లో నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులూ మోహరించారు. ఆ వారం నాన్నా అత్తా ఫోన్లో పిల్లల గురించీ, మిరప ధర గురించీ మాట్లాడుకున్నారు గానీ, నీళ్ళ మాట ఎత్తలేదు. అప్పుడు ఎవరైనా సాగర్ ఎంత అందంగా ఉందో అంటే నాన్నకి ఒళ్ళు మండేది.

టర్నర్‌కి ఆ వెలుగు ఊరికే దొరకలేదు. 1603లోనే రెండు రాజ్యాలకీ ఒకే రాజు వచ్చాడు. కోటకి కాపలా పని లేకుండా పోయింది. అయినా ఆయన కోటని చెరిపెయ్యలేదు. పాత పగ ఉన్నచోటే ఉంది, దాని ముందు ఆవు నీళ్ళలో నిలబడింది. అందుకే నేను ఈ బొమ్మని నమ్ముతాను.

మొన్న నాన్నకి వాట్సాప్‌లో పంపాను. కాసేపు చూసి, “ఆవు ఏ ఒడ్డుదిరా?” అన్నారు. తెలీదన్నాను.

“మీ అత్తకి కూడా పంపు,” అన్నారు.