పట్టాలిచ్చే రోజున ఇలాంటి ప్రసంగమా!

శాంటాక్లారా అంటే మనవాళ్లకి ఇంటెల్, హెచ్-1బీ, ఆకాశాన్నంటే అద్దెలు. అక్కడ జెస్యూట్‌లనే క్యాథలిక్ ఫాదర్లు నడిపే యూనివర్సిటీలో 1982 జూన్‌లో ఇగ్నాసియో ఎయకురియా అనే ఫాదర్ చేసిన స్నాతకోత్సవ ప్రసంగం రాత్రి చదివాను. అప్పట్లో అంతర్యుద్ధంలో ఉన్న ఎల్ సాల్వడార్‌లో యూసీఏ అనే క్యాథలిక్ యూనివర్సిటీకి ఆయన రెక్టర్.

కెరీర్ కబుర్లేం లేవు. పేదల పక్షాన ఉండడమంటే పేదలకి మాత్రమే సీట్లివ్వమని కాదట. చదువు స్థాయి తగ్గించమనీ కాదు. యూనివర్సిటీకున్న పరిశోధనా పరపతీ మొత్తం పేదల పక్షాన నిలబడాలి, తమ గోడు వినిపించుకోలేనివాళ్ల హక్కులకి కావాల్సిన ఆధారాలూ వాదనలూ అదే సమకూర్చాలి అంటాడు. మన దగ్గర మిషనరీ స్కూలంటే క్రమశిక్షణ, ఇంగ్లీషు, సీటు కోసం సిఫార్సు ఉత్తరం. ఫాదర్లలో ఈ రకం కూడా ఉన్నారని మనకెవరు చెప్పారు?

1989 నవంబర్ 16 తెల్లవారుజామున ఎల్ సాల్వడార్ సైనికులు యూసీఏ క్యాంపస్‌లోకి చొరబడి ఆయన్నీ, మరో ఐదుగురు జెస్యూట్‌లనీ, జెస్యూట్‌లకి వండిపెట్టే ఎల్బా అనే ఆవిడనీ, ఆమె కూతురు సెలీనానీ కాల్చి చంపారు.

ఈ హత్యల కేసులో 2020లో స్పెయిన్ కోర్టు ఒక మాజీ కల్నల్‌కి 133 ఏళ్ల శిక్ష వేసింది. అదీ ఆ జెస్యూట్‌లలో స్పెయిన్ దేశస్థులైన ఐదుగురి హత్యలకే. తల్లీకూతుళ్లు ఆ లెక్కలోకి రాలేదు.