మీటరున్నర పైపు, మూడు గుడ్డముక్కలు

సెప్టెంబరు సెలవుల్లో మా రూమ్ నలుగురం మారేడుమిల్లి వెళ్దామనుకున్నాం. టెంట్ అద్దె అడిగేసరికి బడ్జెట్ అక్కడే అయిపోయింది. "టార్ప్ నేను కుట్టిస్తాలే" అన్నాను. రెండు చెట్ల మధ్య తాడు కట్టి దాని మీద వేసే పట్టా, అంతే కదా! అనేశాక మాత్రం గుండెల్లో గుబులు. ఏజెన్సీలో వాన పట్టుకుంటే ఎప్పుడు వదులుతుందో చెప్పలేం. ముగ్గురు నా మాట నమ్మి ఆ గుడ్డ కింద పడుకుంటారు. అందులో ఒకడికి ఆయాసం ఉంది.

ఇంట్లో ధాన్యం రాశి మీద కప్పే బరకం ఉంది. తూకం వేస్తే నాలుగు కిలోలు దాటింది. కల్లంలో ఆ బరువే మేలు, గాలికి లేవదు. వీపున మోసుకుని కొండెక్కాలంటేనే కష్టం.

విజయవాడ వన్‌టౌన్‌లో బ్యాగుల గుడ్డలు అమ్మే షాపుకి వెళ్ళి మూడు ముక్కలు తెచ్చాను: గొడుగు గుడ్డ, పూత వేసిన నైలాన్, పాలీయురేథేన్ పూత ఉన్న పాలిస్టర్. షాపాయన మూడింటికీ ఒకటే మాట, "వాటర్‌ప్రూఫే బాబూ!"

మా అమ్మ బట్టలు కుడుతుంది. ముక్కల్ని ఒక్కొక్కటీ నోటికి ఆనించి ఊదింది. గొడుగు గుడ్డలోంచి గాలి వచ్చేసింది. "గాలి దూరితే నీళ్ళు దూరవా?" అంది. అమ్మ పరీక్ష అయిపోయింది, ఇక నాది మొదలైంది.

గుడ్డ ఎంత ఎత్తు నీటిని ఆపగలదో మిల్లీమీటర్లలో చెబుతారు. దాన్నే హైడ్రోస్టాటిక్ హెడ్ అంటారు. మన ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిందే: ఒత్తిడి నీటి ఎత్తుని బట్టి ఉంటుంది, పైపు లావుని బట్టి కాదు. అందుకే మీటరున్నర పీవీసీ పైపు కింది మూతికి గుడ్డ బిగించి, స్టూలెక్కి నీళ్ళు పోశాను. గొడుగు గుడ్డ జానెడు నీటికే చెమర్చింది. మిగతా రెండూ పైపు నిండినా పది నిమిషాలు చుక్క వదల్లేదు. అంటే 1500 మిల్లీమీటర్లు. పైకప్పుకి అది చాలు. మోకాళ్ళు ఆనించి కూర్చునే టెంట్ అడుగు గుడ్డకైతే ఇంకా ఎక్కువ కావాలి.

మిగిలిన రెండిట్లో ఏది? అదే బరువుకి నైలాన్ గట్టిది, నిజమే. కానీ దాని అణువుల్లో ఉండే ఎమైడ్ గుంపులు నీటిని పట్టుకుంటాయి. మామూలు గాలిలోనే నైలాన్ తన బరువులో 4 శాతం దాకా తేమ పీలుస్తుంది, పాలిస్టర్ 0.4 శాతమే. మీటరు పట్టీలు రెండు రాత్రంతా బకెట్లో నానబెట్టి, నీళ్ళ సీసాలు వేలాడదీసి కొలిచాను. నైలాన్ రెండు సెంటీమీటర్లు సాగింది. పాలిస్టర్ ఉన్నచోటే ఉంది. వానలో టార్ప్ సాగితే మధ్యలో గుంట పడి నీళ్ళు నిలుస్తాయి. అర్ధరాత్రి లేచి తాళ్ళు బిగించేదెవరు? పాలిస్టరే ఖాయం చేశాను.

పన్నా 58 అంగుళాలు. మూడేసి మీటర్ల ముక్కలు రెండు కలిపితే దాదాపు తొమ్మిది చదరపు మీటర్లు. చదరపు మీటరు 75 గ్రాముల గుడ్డ కాబట్టి మొత్తం 650 గ్రాములకి అటూ ఇటూ.

"కుట్టు పడ్డ చోటల్లా చిల్లే కదరా" అంది అమ్మ. గుండుసూదులు వద్దంది, క్లిప్పులే పెట్టింది. సన్నసూది, పాలిస్టర్ దారంతో జీన్స్ ప్యాంటు పక్కకుట్టులాగా మడిచి రెండుసార్లు కుట్టింది. ఆ కుట్టు సరిగ్గా తాడు మీదకి, అన్నిటికంటే ఎత్తులోకి వచ్చేలా చూసింది. నీళ్ళు అక్కడ నిలవవు. దాని మీద నేను సీలెంట్ పూశాను.

మారేడుమిల్లిలో రెండో రాత్రి రెండింటికి వాన మొదలైంది. టార్చి వేసి కుట్టు వెంబడి వేలితో తడిమాను. పొడిగానే ఉంది. ఆయాసం ఉన్నవాడు గురక పెడుతున్నాడు. తెల్లారేదాకా వాన చప్పుడు వింటూ కూర్చున్నాను, నిద్ర పట్టక కాదు, వినాలనిపించి.

ఎవరైనా కుట్టించుకుంటే ఒక్క మాట: వాడాక పూర్తిగా ఆరబెట్టి మడవండి. తేమకి పాలీయురేథేన్ పూత జిగురై ఊడిపోతుంది. పైపు మా రూమ్‌లోనే ఉంది, కావాలంటే పట్టుకెళ్ళండి.