వెనక సీటు ఎవరు చూస్తారు?

కారు కొనేటప్పుడు ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంజను సంగతి మగవాళ్ళది, రంగు సంగతి మనది. 2025 దసరా రోజుల్లో మేం కారు చూడ్డానికి వెళ్ళినప్పుడూ అదే వరస. షోరూమ్ కుర్రాడు గంటసేపు మావారితోనూ, మా అబ్బాయితోనూ మాట్లాడి, ఆఖర్న నావైపు తిరిగి, "మేడమ్‌కి ఏ కలర్ కావాలి?" అన్నాడు.

"కలర్ సంగతి తర్వాత చూద్దాం బాబూ, ముందు వెనక డోరు తియ్యి" అన్నాను. మావారు నావంక వింతగా చూశారు.

నేనెందుకలా అన్నానో తెలియాలంటే మీకు రెండేళ్ళ కిందటి సంగతి చెప్పాలి. 2023 దసరాకి మా పాత చిన్న కారులో కోదాడ దగ్గరున్న అత్తగారి ఊరికి బయల్దేరాం. మావారూ అబ్బాయీ ముందు, నేనూ అత్తయ్యగారూ వెనక. హైవే దిగి ఊరి దారి పట్టాక ఓ గేదె అడ్డం వచ్చింది. మావారు గట్టిగా బ్రేకు వేశారు. స్పీడు నలభై కూడా లేదు. అయినా అత్తయ్యగారి నుదురు వెళ్ళి ముందు సీటుకి కొట్టుకుంది. వెనక పెట్టిన సంచీల్లోంచి ఓ స్టీలు డబ్బా ఎగిరొచ్చి నా భుజం మీద పడింది. ఆవిడకి ఆరు కుట్లు పడ్డాయి. "పోనీలేర్రా, గేదెకేం కాలేదు" అని ఆవిడే మమ్మల్ని ఓదార్చారు.

కుట్లు వేసిన డాక్టరుగారు "బెల్టు పెట్టుకోలేదా?" అని అడిగారు. "వెనక కూడానా?" అన్నారు మావారు. నేను నోరెత్తలేదు. ఎందుకంటే మా కారులో వెనక బెల్టు ఉంది. అది తగిలించే బకిల్సే పైకి కనపడవు. కూర్చుంటే గుచ్చుకుంటున్నాయని వాటిని సీటు సందులోకి తోసి, పైన ముచ్చటపడి కొన్న సీటు కవరు తొడిగించింది నేనే! వెనకవాళ్ళూ బెల్టు పెట్టుకోవాలని రూలు ఎప్పట్నుంచో ఉంది. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో సైరస్ మిస్త్రీగారు పోయినప్పుడు, ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్నారని పోలీసులు చెప్పారు. టీవీలో చూసి అయ్యో అనుకున్నాను. అనుకున్నానే గానీ, లేచి వెళ్ళి మా కారు కవరు కింద ఏముందో చూసుకోలేదు.

అందుకని ఈసారి కారు మాటొచ్చినప్పుడు నా చీటీ డబ్బు మూడు లక్షలూ తెచ్చి ముందు పెట్టాను. "ఇది తీసుకోండి, కానీ అత్తయ్యగారు ఎక్కి కూర్చుని చూశాకే కొనాలి" అన్నాను. ఆవిడకి 2024లో మోకాళ్ళ ఆపరేషన్ అయింది. "నాకోసం ఎందుకమ్మాయ్, మీకు నచ్చింది కొనుక్కోండి" అంటూనే చేతికర్ర పట్టుకుని బయల్దేరారు.

మావారికి ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీ మీద మనసు. ఆవిడ ఐదడుగులు కూడా ఉండరు. కాలెత్తి లోపల పెట్టలేక రెండుసార్లు ప్రయత్నించి దిగిపోయారు. అది చూశాక మావారు ఇంకేం మాట్లాడలేదు. మా అబ్బాయి చెప్పిన హ్యాచ్‌బ్యాక్‌లో సామాను మన తలల వెనకే ఉంటుంది. ఆ స్టీలు డబ్బా దెబ్బ నాకింకా గుర్తే. ఇక మిగిలింది డిక్కీ వేరుగా ఉండే చిన్న సెడాన్. బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, ఆవిడ వాకరూ అన్నీ సీటు అవతలే ఉంటాయి. వాసనా రాదు, బ్రేకు వేస్తే మీదికీ రావు.

ఈ చిన్న సెడాన్లు చూస్తే తోక కత్తిరించినట్టు ఉంటాయి కదా! దాని వెనక ఓ లెక్క ఉందండీ. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లు దాటని చిన్న కార్లకి ఎక్సైజ్ పన్ను 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. దాంతో కంపెనీలు సెడాన్లని కూడా ఆ కొలతకి కుదించడం మొదలెట్టాయి. 2008లో టాటా ఇండిగో సీఎస్ అలాగే వచ్చింది. అప్పట్లో పొడుగ్గా ఉండే స్విఫ్ట్ డిజైర్ 2012లో 3995 మిల్లీమీటర్లకి తగ్గింది. హోండా అమేజ్, హ్యుందాయ్ ఆరా, టాటా టిగోర్ అన్నీ ఆ నాలుగు మీటర్ల లోపువే. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గించినప్పుడూ ఇదే కొలత పనికొచ్చింది. నాలుగు మీటర్లు, 1200 సీసీ దాటని పెట్రోలు కార్లకి సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18 అయింది. మేం ఆగి ఆగి దసరాకి వెళ్ళింది అందుకే.

నాలుగింటి కాగితాలూ తెచ్చుకుని, పాలవాడి లెక్క రాసే పుస్తకంలో గీతలు గీసి రాసుకున్నాను. నవ్వకండి, ఇంటర్ చదువుకి ఆ మాత్రం లెక్క వస్తుంది. డిక్కీ పెద్దది టిగోర్‌ది, 419 లీటర్లు. సీఎన్‌జీ పెట్టినా సామానుకి చోటుండేలా 2023 నుంచి అందులో ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి కింద అమర్చారు. అమేజ్‌కి 416, ఆరాకి 402, డిజైర్‌కి 382 లీటర్లు. అంటే ఇందులో డిజైరే ఆఖరు. నేల నుంచి ఎత్తు కూడా డిజైర్‌కి 163 మిల్లీమీటర్లయితే అమేజ్‌కి 172. ఇంజనుకి అమేజ్, ఆరాలవి నాలుగు సిలిండర్లు, డిజైర్‌ది మూడే. ఇక్కడిదాకా నా మనసు అమేజ్ మీదే ఉంది.

తర్వాత మైలేజీ లెక్క వేశాను. లీటరుకి డిజైర్ 24.79, అమేజ్ 18.65 అని కంపెనీ కాగితాల్లో ఉంది, రెండూ గేర్లు మనమే మార్చుకునేవి. మన ట్రాఫిక్‌లో అంత రాదని తెలుసు, కానీ తేడా తేడాయే కదా! నెలకి 600 కిలోమీటర్లు తిరిగే మాకు ఎనిమిది లీటర్లు కలిసొస్తాయి. అప్పట్లో హైదరాబాదులో పెట్రోలు 107 రూపాయల పైచిలుకు. అంటే నెలకి 860 రూపాయలు! ఓ గ్యాస్ బండ డబ్బుకి దగ్గర్లో ఉంది. ముప్ఫై నాలుగు లీటర్ల డిక్కీ కోసం నెలనెలా అంత ఎందుకనిపించింది.

ఇక నాకు ముఖ్యమైంది వెనక సీటు. డిజైర్‌లో కింది మోడల్‌కి కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. వెనక మధ్యలో కూర్చునేవాళ్ళకీ భుజం మీదుగా వచ్చే బెల్టుంది. వెనకవాళ్ళు పెట్టుకోకపోయినా మోత మోగుతుంది. 2024 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్ది చూసే పరీక్షలో పెద్దవాళ్ళ రక్షణకి 5 నక్షత్రాలు, పిల్లల రక్షణకి 4 నక్షత్రాలు ఇచ్చారు.

అత్తయ్యగారు ఎక్కడానికి ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన చిట్కా పనికొచ్చింది. ముందు కాలు లోపల పెట్టకూడదు. వీపు కారువైపు తిప్పి సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. దిగేటప్పుడు కాళ్ళు ముందు. సెడాన్ సీటు కిందకి ఉంటుంది కాబట్టి లేచేటప్పుడు కాస్త కష్టమే, కాదనను. పైన పిడి పట్టుకుని, నా చెయ్యి ఆసరా తీసుకుని లేచారు. నేను అడక్కుండానే బెల్టు లాక్కుని, తడుముకుని, బకిల్ తనే తగిలించుకున్నారు. టక్కున శబ్దం వచ్చింది. "ఇది నా చేతికి అందుతోందమ్మాయ్" అన్నారు. మా బేరం అక్కడే కుదిరిపోయింది.

మా అబ్బాయి సన్‌రూఫ్ అంటూ పైమోడల్ అడిగాడు. ఆ డబ్బు మిగుల్చుకుని, వెనక్కి ఏసీ గాలి వచ్చే మధ్య మోడల్ తీసుకున్నాం. వాడు రెండ్రోజులు ముభావంగా ఉండి, మూడోరోజు తాళం అడిగాడు.

కారు ఇంటికొచ్చిన వారానికి సీటు కవర్ల షాపుకి వెళ్ళాం. ఈసారి నేనే దగ్గరుండి వేయించాను. ముందు సీట్ల పక్కలో ఎయిర్‌బ్యాగు ఉంటుంది. మామూలు కవరు దాన్ని కప్పేస్తే అది సరిగ్గా తెరుచుకోదు. అక్కడ విడిపోయేలా కుట్టిన కవరు అడిగి తీసుకోవాలి. వెనక మూడు బకిల్సూ పైకి ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బులిచ్చాను.

మీ ఇంట్లో కొత్త కారు కొనే ఆలోచన లేకపోయినా సరే, ఈ పత్రిక పక్కన పెట్టాక ఒక్కసారి మీ కారు వెనక డోరు తీసి చూడండి. బకిల్స్ సందులో ఉంటే బయటికి లాగండి. ఐదు నిమిషాల పని. నేనా పని 2023 దసరాకి ముందు చెయ్యలేదు. ఇప్పుడు రోజూ అత్తయ్యగారికి బొట్టు పెట్టేటప్పుడు ఆ ఆరు కుట్ల గీత కనపడుతూనే ఉంటుంది.