తాత వేయించిన బోరు

ఇంజినీరింగ్ జియాలజీ అంటే మా సివిల్ బ్యాచ్‌కి నిద్ర పీరియడ్. నాకూ అంతే. ఒకరోజు మేడమ్ బోర్డు మీద మూడు పేర్లు రాశారు: ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్. "గ్రానైట్‌లో ఫ్లోరైడ్ దాక్కునేది ముఖ్యంగా వీటిలోనే. నల్లగొండ బోర్లలోకి వచ్చేదీ అక్కడినుంచే" అన్నారు.

నిద్ర ఎగిరిపోయింది. మాది నల్లగొండ జిల్లానే.

మా ఇంటి వెనక తాత వేయించిన బోరుంది. బావి ఎండిపోతే అప్పు తెచ్చి మూడొందల అడుగులు దింపించాడట. నీళ్లు పడ్డ రోజు కొబ్బరికాయ కొట్టి, వాడకట్టంతా పిలిచి తాగించాడని నాయనమ్మ ఇప్పటికీ చెప్తుంది. చెప్పేటప్పుడు తల ఎత్తి చూడదు. చూడలేదు. మెడ తిరగదు, నడుము లేవదు. నా పళ్ల మీద కూడా గోధుమరంగు చారలున్నాయి. ఐడీ కార్డు ఫొటోలో నేను నోరు మూసుకునే నవ్వాను.

ఇదంతా ఎలా జరిగిందో ఆ రోజు క్లాసులో అర్థమైంది. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుంటుంది. గ్రానైట్ గట్టి రాయి, నీళ్లకు దొరికే చోటు పగుళ్లే. అక్కడ చేరిన నీరు ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, రాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. నీళ్లలో బైకార్బనేట్ పెరుగుతుంది. కాల్షియం సున్నపు గులకలుగా గడ్డకట్టి పక్కకి తప్పుకుంటుంది. కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టి ఆపేది. అది లేక ఫ్లోరైడ్ నీళ్లలోనే మిగిలిపోతుంది. రంగు లేదు, వాసన లేదు.

మన ఎముకల్లో ఉండేదీ ఒక రకం అపటైటే, అంటే కాల్షియమే. భూమిలో దొరకని కాల్షియం ఆ ఫ్లోరైడ్‌కి మా నాయనమ్మ ఎముకల్లో దొరికింది.

సెలవులకెళ్లి బోరు నీళ్లు ఒక బాటిల్ పట్టుకొచ్చి ల్యాబ్‌లో టెస్ట్ చేశాను. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మాది దానికి రెండింతల పైనే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి వాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మా ఇంట్లో ఆ పేరు విన్నవాళ్లు లేరు.

ఇప్పుడు తాగడానికి మిషన్ భగీరథ నల్లా ఉంది. బోరు బట్టలు ఉతకడానికే. మళ్లీ ఇంటికి వెళ్లినప్పుడు, ఉండబట్టలేక నాయనమ్మకి మొత్తం చెప్పేశాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"మీ తాతననకు బిడ్డా" అంది చివరికి. "ఆ బోరు పడకుంటే ఊరిడిశి పోయేటోళ్లం. నీళ్లు కండ్లకు తేటగనే ఉండె. లోపలేమున్నదో ఎవలికెరుక?"

సెమిస్టర్ పరీక్షలో ఈ ప్రశ్న రానే వచ్చింది. ఐదు మార్కులకి నాలుగు పేజీలు రాశాను. నాయనమ్మ మాట మాత్రం అందులో రాయడానికి లేదు. అందుకే ఇక్కడ రాశాను.