రాజమహేంద్రవరమున ఒక గృహము



గోదావరీస్నానార్థమై రాజమహేంద్రవరము పోయినపుడు, మేమత్తగారితోఁగూడ కందుకూరి వీరేశలింగము పంతులుగారి గృహమును దర్శించితిమి.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన, వారి పూనికచే, ఈ పట్టణమున మొదటి వితంతు వివాహము జరిగెను. 1856వ సంవత్సరపు చట్టము సమ్మతించినను సంఘము సమ్మతింపలేదు. ఇరుపక్షములవారును ధర్మశాస్త్రములనే ప్రమాణముగాఁ జూపిరి. బహిష్కారభీతిచే వంటవారును, నీళ్లు మోయువారును రాకపోఁగా, పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు దెచ్చి వంట గావించిరఁట.

మా యాడుబిడ్డ వైధవ్యానంతరము పునర్వివాహమాడి యీ యూరనే కాపురమున్నది. శాస్త్రవిరుద్ధమని యత్తగారు తొమ్మిదేండ్లుగాఁ గూఁతురి యింట మంచినీళ్లైన ముట్టలేదు. ఆ నీటికథ విని చాలసేపు మౌనముగా నుండిరి. పిమ్మట, "దాని యిల్లిక్కడికెంత దూరమే?" యని యడిగిరి.

మేమా వీథికే దారితీసితిమి.