ర్యాపు పాటయు మన బాలికలును

పూర్వము మన యిండ్లలో పాట లేని పని యుండెడిది కాదు. తిరుగలి త్రిప్పినను, వడ్లు దంచినను, నాట్లు వేసినను, బతుకమ్మ చుట్టును తిరిగినను చేతికొక దరువు, నోటికొక మాట యుండెడివి. ఆ పాటలు కట్టినవారెవరు? స్త్రీలే. వారి పేర్లేవి? తెలియవు. పండితులు వానిని సేకరించి యచ్చు వేయించినప్పుడు సంపాదకుని పేరు అట్టపై కెక్కినది గాని, పాట కట్టిన యమ్మ పేరు లోపలి పుటలలోనైనను సాధారణముగా కానరాదు. ఇప్పుడు మా మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున చదువుకొన్న బాలికలు కొందఱు ర్యాపు పాటలు కట్ట మొదలిడినారు. వీరి పేర్లైనను నిలుచునా యను సంశయము మమ్ము కొంతకాలముగా బాధించుచున్నది. ఆ సంగతియే సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

ర్యాపు అనగానే పెద్దవారు చెవులు మూసికొందురు. అది పాటయా, పోట్లాటయా యని యడిగినవారిని మేమెఱుగుదుము. ఇందు రాగము తక్కువ, పలుకెక్కువ. దరువు తప్పకుండ, ప్రాస చెడకుండ మాటలను గుప్పించుటయే దీని విద్య. నాలుగేసి దరువుల చొప్పున పదునాఱు వరుసలు నడిచిన సామాన్యముగా నొక చరణమగును. కూచిపూడి మేళమున జతులు చెప్పు గురువును విన్న చెవికి ఇది బొత్తిగా క్రొత్త కాదు. ఈ పలుకును, దాని వాద్యమును, నాట్యమును, గోడలపై వ్రాయు చిత్రములను కలిపి హిప్‌హాప్ అని పిలుతురు.

దీని పుట్టుకలో నొక యాడుపిల్ల చేయి కలదని మనలో నెందఱకు తెలియును? 1973 ఆగష్టు 11వ తేదీన న్యూయార్కు నగరపు బ్రాంక్స్ పేటలో, సెడ్జ్‌విక్ వీథిలోని యొక యింట జరిగిన వేడుక దీనికి జన్మదినమని చెప్పుదురు. ఆ వేడుక నేర్పాటు చేసినది సిండీ కాంప్‌బెల్ అను బాలిక. బడి తెఱచునప్పటికి క్రొత్త బట్టలు కొనుక్కొనుటకు సొమ్ము కావలెనని యామె యీ పని తలపెట్టినది. ఆడుపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు ఏబది సెంట్లు ప్రవేశరుసుము. అన్న రికార్డులు వేసెను. కూల్ హెర్క్ అను పేరున నతడు లోకప్రసిద్ధుడయ్యెను. లెక్కలు చూచిన చెల్లెలి పేరు మాత్రము చాల కాలము వెనుకనే యుండినది.

1979లో ఈ తరహా పాటను మొదట దేశమంతట మ్రోగించినదియు స్త్రీయే. సిల్వియా రాబిన్‌సన్ అను గాయని భర్తతో కలిసి షుగర్ హిల్ రికార్డ్స్ అను సంస్థను స్థాపించి, రాపర్స్ డిలైట్ అను పాటను స్వయముగా నిర్మించినది. అయితే ఆ పాటలోని మాటలు కొన్ని మఱియొక కవి పుస్తకములోనివి. అతనికి పేరును దక్కలేదు, సొమ్మును దక్కలేదు. ఆడుదాని చేతిలో నున్నంతమాత్రమున న్యాయము తనంతట జరుగునని మేమనము.

తెలుగువారి విషయమునకు వత్తము. మా వీథిలోనే యమెరికాలో బిడ్డలున్న యిండ్లు ఎన్నియో యున్నవి. అట్టి తెలుగు తలిదండ్రులకే కాలిఫోర్నియాలోని క్లేర్‌మంట్ పట్టణమున 1986లో జన్మించినది ఎల్లాప్రగడ శ్వేతారావు. ఆమె చిన్ననాటినుండి కూచిపూడి మొదలగు నాట్యములభ్యసించినది. నేడు రాజకుమారి యను పేరున ర్యాపు పాడుచున్నది. ఆమె పలుకులో జతుల విఱుపు వినబడును. మొదట నామె పరులకు పాటలు వ్రాసియిచ్చినది. 2014లో ఫాల్ అవుట్ బాయ్ అను బృందము పాడిన సెంచరీస్ అను పాట వ్రాసినవారిలో నామెయు నొకతె. ఆ పాట వినినవారు లక్షలు. వ్రాసిన తెలుగుపిల్లను ఎఱిగినవారెందఱు? 2016లో ది కమ్ అప్ అను తన సంపుటము వెలువడినది. 2017లో బొంబాయి ర్యాపరు డివైన్‌తో కలిసి పాడిన సిటీ స్లమ్స్ వలన మన దేశమున పేరు వచ్చినది. 2019లో ఎంటీవీ వారి ర్యాపు పోటీకి నిర్ణేతలలో నొకతెగా కూర్చుండినది. ఇన్ని దాటిన పిమ్మటనే గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత సంస్థను పెట్టుకొని, 2023లో ది బ్రిడ్జ్ అను సంపుటమును దాని పేరనే విడుదల చేసినది. ఒరుల పాటకు మాట యిచ్చుటనుండి తన పాటకు తానే యజమానురాలగుట వఱకు ఆమెకు దాదాపు పదియేండ్లు పట్టినది. ఆమె దుస్తులను, ఠీవిని గూర్చి పత్రికలు చాల వ్రాసినవి. మాకు మాత్రము ఈ పదియేండ్ల నడకయే ముఖ్యముగా తోచుచున్నది.

ఈ పాటలలో ప్రొడ్యూసరు అనునది యింకొక పని. సినిమాలలో నిర్మాత యనగా ధనము పెట్టువాడు. ఇక్కడ నట్లు కాదు. డప్పు దెబ్బ యెక్కడ పడవలెనో, మంద్రస్వర మెంత లోతున మ్రోగవలెనో, గొంతు నెచ్చట ముందునకు తెచ్చి యెచ్చట వెనుకకు తీయవలెనో నిర్ణయించి శబ్దమంతయు కూర్చువారే ప్రొడ్యూసరు. అంగడినుండి సరకులు తెచ్చువారు కారు, పొయ్యి కడ నిలిచి వండువారన్నమాట. వంట మనదే గాని యీ వంటయింట మనవారు లేరు. అమెరికాలో మిక్కిలి ప్రసిద్ధికెక్కిన పాటలను దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు లెక్కింపగా, 2012 మొదలు 2022 వఱకు ప్రొడ్యూసర్లలో స్త్రీలు నూటికి మువ్వురైనను లేరట.

మా పొరుగున నొక బాలిక యున్నది. కళాశాల బస్సులో పోయి వచ్చుచు, రాత్రివేళ నీ విద్య నేర్చుచున్నది. ద్రాక్షతోటలుండిన చోట ప్లాట్లు పడిన మా ప్రాంతమున నాగపూరు రోడ్డు లారీల మ్రోత రాత్రి యెప్పటికో గాని తగ్గదు. కావున నా పిల్ల కిటికీకి రెండు బొంతలు వ్రేలాడగట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కారుచుండ గొంతు రికార్డు చేయును. ఆమెకున్నవి ఒక ల్యాప్‌టాపు, ఒక మైకు, చెవులకు తగిలించుకొను యంత్రము మాత్రమే. నిమిషమునకు తొంబది దరువుల లెక్కన తీన్‌మార్ దెబ్బను నడిపి, దానిపై మన తెలంగాణపు మాటనే పలికించును. మేము వింటిమి. మొదట సగము తెలియలేదు; రెండవమారు వినగా మేడ్చల్ లోకల్ రైలులో ఆడుపిల్లలపై పడు చూపులను గూర్చియని తెలిసినది. నవ్వును వచ్చినది, కోపమును వచ్చినది.

క్రిందటేడు ఒక ప్రకటనల సంస్థవా రీమె చేత నొక బీటు కట్టించుకొని, రెండువేల రూపాయలు చేతబెట్టి, కాగితముపై సంతకము చేయించుకొనిరి. ఆ కాగితమున నేమున్నదో తల్లియు చదువలేదు, కూతురును చదువలేదు. పిదప నా బీటు వేఱొకరి పేరున వినవచ్చినది. “పైసలు పోతె పోనీ పెద్దమ్మా, పేరు నాది ఉండాలె గదా” అని యా పిల్ల మాతో ననినది.

శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ మున్నది. దాని గోడ ప్రక్కనుండి నిత్యము పోవుచుండియు మన పిల్లలకు తమ పాటపై తమకు గల హక్కు తెలియకపోవుట విచారకరము. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి మాట వ్రాసినవారికొక హక్కు, సంగీతము కూర్చినవారికొక హక్కు, రికార్డు చేయు బాధ్యతను పూనినవారికి వేఱొక హక్కు కలవు. ఆ పిల్ల తన గదిలో తన ఖర్చుతో, తన మాట తన దరువుతో రికార్డు చేసికొన్నచో ఆ మూడును ఆమెవే. మాటపైని, సంగీతముపైని హక్కు ఆమె జీవితకాలమును, పిదప నఱువదియేండ్లును నిలుచును. రికార్డుపైని హక్కు వెలువడిన పిదప నఱువదియేండ్లు. 2012 నాటి సవరణవలన పాట వ్రాసినవారును, సంగీతము కూర్చినవారును తమకు రావలసిన రాయల్టీని, వారసులకును రాయల్టీలు వసూలు చేయు సంఘమునకును తప్ప నొరులకు వ్రాసియిచ్చినను ఆ వ్రాత చెల్లదు. 1969లో నేర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. అట్టి సంఘమే. అయితే ఇంటర్నెట్టులో దొరకు నొరుల బీటును దింపుకొని వాడినచో దానికి వారి షరతులుండును. అవి చదువకుండ పాట విడుదల చేయరాదు.

ఆదాయమో, అత్యల్పము. ఒకరు ఒకమారు వినిన వచ్చునది పైసలలో లెక్క. ఉద్యోగము వదలి దీనిపై బ్రతుకుమని మేమెవ్వరికిని చెప్పము.

ర్యాపులో బూతులు, గొప్పలు మెండని కొంద ఱాక్షేపింతురు. అది నిజమే, వానిని మేమును సహింపము. కాని పెండ్లి పందిళ్లలో పసిపిల్లలచేత నాడించు సినిమాపాటలను ఏ జల్లెడ పట్టి తెచ్చుచున్నాము? మన పిల్ల తానే మాట వ్రాసికొన్నచో ఏ మాట వాడవలెనో నిర్ణయము ఆమె చేతిలో నుండును. సంబంధములు చెడునని తల్లులు భయపడుదురు. ఆ భయమును మేము త్రోసివేయము. అది లోకమెఱిగిన భయమే.

మా పొరుగుపిల్ల యిప్పుడు వాళ్ల నాయనమ్మచేత దంపుడుపాట పాడించి, దానిపై తన పలుకు చేర్చుచున్నది. “గీ పాట ఎవరు కట్టిన్రు నాయనమ్మా?” యని యడుగగా ముసలామె, “మా అత్త పాడేది, ఆమెకు ఎవలు నేర్పిన్రో” అని యూరకుండెనట. పాట క్రింద పాడినది నాయనమ్మ యని పేరు వేయుదునని పిల్ల, ముఖము మాత్రము చూపవలదని తల్లి. ఇంకను వాదము తెగలేదు. తొమ్మిదింటినుండి పదింటివఱకు ఆ యింట కుక్కరు పెట్టకుండుట కొప్పందము మాత్రము కుదిరినది.