ఎడమ కాలికి సెలవు

గత సంవత్సరం వర్షాకాలంలో ఒక రాత్రి మా అమ్మీజాన్‌కు ఊపిరి ఆడడం కష్టమైంది. పరీక్షల రోజులు కావడంతో మేము ఆ రాత్రి మదరసాలోనే విద్యార్థులతో పాటు ఉండిపోయాము. ఇంటి ముందు కారు ఉంది. తాళంచెవి గోడకున్న మేకుకు వేలాడుతూనే ఉంది. నడపగలవారు మాత్రం ఇంట్లో లేరు. మా ఇంటావిడ వీధి చివరి వరకు పరుగెత్తి, నిద్రలో ఉన్న ఆటో అబ్బాయిని లేపి, అమ్మీని ఆసుపత్రికి చేర్చేసరికి ముప్పావు గంట గడిచింది.

అల్లాహ్ దయ వల్ల అమ్మీ కోలుకున్నారు. కాని మరునాడు ఆసుపత్రి వరండాలో మా ఇంటావిడ అడిగిన ప్రశ్న మమ్మల్ని వదలలేదు. "ఏమండీ, ఆ కారు మీ ఒక్కరికేనా?"

మా దగ్గర సమాధానం లేదు. అంతకు రెండేళ్ల ముందు ఆమె అదే కారుపై నేర్చుకోవడానికి ప్రయత్నించారు. ఈద్గాహ్ మైదానంలో మూడు రోజులు పక్కన కూర్చుని నేర్పినవారము మేమే. క్లచ్ వదలగానే బండి ఎగిరి ఆగిపోయేది. "నెమ్మదిగా వదలమని ఎన్నిసార్లు చెప్పాలి?" అని మేము విసుక్కునేవారము. నాలుగవ రోజు ఆమె రాలేదు. మేమూ మళ్లీ పిలవలేదు.

పద్నాలుగేళ్లు సేవ చేసిన ఆ పాత కారును మార్చక తప్పని పరిస్థితి ఈ ఏడాది వచ్చింది. వడ్డీ అప్పు మాకు సమ్మతం కాదు. కాబట్టి కూడబెట్టిన సొమ్ముకు తగినట్లు, కొన్నేళ్లు వాడిన బండినే కొనాలని నిర్ణయించుకున్నాము. అప్పుడు ఎదురైన ప్రశ్న ఒక్కటే: గేరు కారా, ఆటోమేటిక్ కారా?

మా మొగ్గు మొదటి నుంచి గేరు కారు వైపే. ఇరవై రెండవ ఏట ఒక బంధువు జీపుపై నేర్చుకున్నవారము. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే నల్లమల ఘాట్‌లో గేర్లు మారుస్తూ బండిని దించడంలో మాకొక గర్వం ఉండేది. పైగా ఉపాధ్యాయులము. సర్ఫ్ గర్దానులు కంఠస్థం చేయనివాడికి అరబ్బీ రాదన్నది మా నమ్మకం. కష్టపడి నేర్చినదే నిలుస్తుందన్న సూత్రాన్ని కారుకు కూడా వర్తింపజేశాము.

మెకానిక్ షెడ్డు నడుపుతున్న మా పూర్వ విద్యార్థి ఒకరిని సలహా అడిగాము. "ఉస్తాద్‌జీ, ఆటోమేటిక్ కొత్త వింత కాదు" అంటూ మొదలుపెట్టి, ఆయన ఒక్కొక్కటే విప్పి చెప్పారు. నిజమే, అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939లోనే హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సును తెచ్చింది. మన దేశంలో సామాన్య కుటుంబాలకు అది దగ్గరైనది మాత్రం 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ రకం వల్ల. ఇందులో ఉండేది మామూలు గేరుబాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం అనే పనులను మన కాలికి, చేతికి బదులుగా యంత్రం చేస్తుంది. అందుకే ధర తక్కువ, మైలేజీ గేరు కారుకు దగ్గరగా ఉంటుంది. గేరు మారేటప్పుడు మాత్రం తల కొద్దిగా ముందుకు ఊగుతుంది. టార్క్ కన్వర్టర్ రకంలో నూనె ద్వారా శక్తి చేరుతుంది కనుక ప్రయాణం మెత్తగా సాగుతుంది. సీవీటీలో గేర్లకు బదులు రెండు కప్పీలు, వాటి మధ్య ఒక బెల్టు ఉంటాయి. ఈ రెండూ మా సొమ్ముకు అందేవి కావు.

మేము చూసిన బండ్లలో గేరు కారుకూ ఏఎంటీకీ తేడా దాదాపు 50 వేల రూపాయలు. మా వంటివారికి అది చిన్న మొత్తం కాదు. బ్యాటరీ బలహీనపడితే గేరు కారును నలుగురు నెట్టి స్టార్ట్ చేయవచ్చు. ఆటోమేటిక్‌కు ఆ వీలు లేదు. ఈ వాదనలన్నీ మేము ఇంట్లో వరుసగా వినిపించాము. దుబాయిలో ఉంటున్న మా తమ్ముడు ఫోనులో నవ్వాడు. "భాయ్‌జాన్, ఇక్కడ నేను తీసుకున్న లైసెన్సే ఆటోమేటిక్‌ది. గేరు బండి నడపడానికి నాకు అనుమతే లేదు. అయినా పదేళ్లుగా నడుపుతున్నాను కదా!" మన దేశంలో ఆ బాధ లేదు, తేలికపాటి వాహనాల లైసెన్సు రెండింటికీ చెల్లుతుంది.

చివరికి అందరం కూర్చుని మష్వరా చేశాము. మా పెద్దమ్మాయి ఒక్క మాటే అడిగింది: "అబ్బా, రాత్రి పూట మీరు లేనప్పుడు ఆ బండిని ఎవరు నడపాలి?"

అప్పుడు మా తప్పు మాకు తెలిసింది. మేము బేరీజు వేసిన లెక్కలన్నీ మా చేతికి, మా కాలికి సంబంధించినవే. ఆ కాలు కూడా నిలకడగా లేదు. ముప్పై ఏళ్లు నేలపై కూర్చుని పాఠం చెప్పిన మోకాలు, రద్దీలో క్లచ్ నొక్కేటప్పుడు మొరపెడుతూనే ఉంది. మేము దానిని దాస్తూ వచ్చాము. కష్టం గొప్పదని చెప్పిన మాటల వెనుక, ఇంట్లో ఆ విద్య మాకొక్కరికే ఉండాలన్న కోరిక కూడా కొంత ఉందని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాము.

ఏఎంటీ కారే కొన్నాము. పాత బండి కనుక ముందుగా క్లచ్ అరుగుదలను చూపించుకున్నాము. ఈసారి మా ఇంటావిడకు నేర్పించినది మేము కాదు, ఒక మహిళా శిక్షకురాలు. కొత్తగా మారేవారికి ఆమె చెప్పిన జాగ్రత్తలు ఇవి. ఎడమ కాలు పక్కకు పెట్టి కదపరాదు. బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ కుడి కాలు ఒక్కటే. బ్రేకుపై కాలు ఉంచిన తరువాతే గేరు వేయాలి. ఎత్తుపై ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలిపితే క్లచ్ కాలిపోతుంది, బ్రేకుతోనే నిలపాలి. ఘాట్ దిగేటప్పుడు మాన్యువల్ స్థానానికి మార్చి చిన్న గేరులో దిగాలి. ఎక్కువ ఏఎంటీ బండ్లలో పార్కింగ్ స్థానం ఉండదు కనుక గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి దిగాలి.

ఘాట్ దారుల్లో రోజూ తిరిగే యువకులకు, చేతిలో డబ్బు బొత్తిగా తక్కువైనవారికి గేరు కారే తగినది కావచ్చు. మేము దానిని తక్కువ చేయడం లేదు. బండి కొనేముందు, ఆపదలో దానిని ఎవరు నడపవలసి వస్తుందో మాత్రం ఇంటివారిని అడగండి.

గత వారం అమ్మీని వైద్య పరీక్షలకు మా ఇంటావిడే తీసుకువెళ్లారు. మేము పక్క సీటులో కూర్చున్నాము. ఆత్మకూరు బస్టాండు దగ్గర రద్దీలో మా ఎడమ కాలు లేని క్లచ్‌ను వెతుక్కుంటూ కింద పట్టను నొక్కింది. ఆమె చూసి నవ్వారు. వెనుక సీటులో అమ్మీ తస్బీహ్ చేతిలో పట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు.